నలుపు పట్టీ

గట్టుప్పల్‌ల మా మగ్గం గుంత పక్కనే
అండాలు కూసుంటది, కుట్లు పడ్డ కుడితొడ చాపుకొని.
గడ్డ తీసేసిండ్రు.
ఊపిరితిత్తులల్ల మిగిలిన గింజలకు
రోజూ పరిగడుపున మాత్రలు.
మింగినంక గంట దాక చాయ గూడ ముట్టదు.

"ఇది అన్నిటినీ కాల్చే మందు కాదు,
గడ్డకు నెత్తురు మోసే దారులనే మూస్తది"
అన్నడు పట్నం డాక్టరు.
నాకు జల్ది సమజైంది.
సైకిల్ ట్యూబు పీలిక బిగించి కట్టిన కాడ
నూలుకు రంగు దిగదు,
ఇడిసిన కాడనే దిగుతది.
నలభై ఏండ్ల సంది నా పని అదే.

ఎంత బిగించినా
అంచుల పొంటి రంగు జర పాకుతది, అది గూడ ఎరుకే.
ఆమెకు అరికాళ్లు మండుతయి.
తిన్నది కడుపుల నిలువది.
ఇగ వెంట్రుకలు,
మొదళ్ల కాడికెల్లి తెల్లగ రాబట్టె.

నిన్న జడ ఇప్పి దువ్వుకుంటుంటే చూసిన.
కొసలు ఎప్పటి నలుపే.
పైకి తెలుపు,
ఏలు మందం నలుపు,
మళ్ల తెలుపు.
"ఏందే, జడకు చిటికి కట్టినవా?" అని నవ్విన.

ఆమె నవ్వలే.
"లివరు రిపోర్టు మంచిగ లేదని
మందు బందువెట్టిన నలభై రోజులయ్యా అవి."

రంగుల తొట్ల కాడ పెరిగినోన్ని,
నలుపును చూసి భయపడుడు ఇదే మొదలు.
దువ్వెన గుంజుకొని
ఆ పట్టీ కనబడకుంట లోపలికి మలిపి జడేసిన.

వచ్చే మంగళవారం స్కానింగు.
ఆసు మీద సగం కట్టిన నూలున్నది.
ఏ రంగుల ముంచాల్నో
ఇంక అనుకోలే.