చుక్క పెట్టిన నోటు

అర రియాలు నోటు మీద
నీలం పెన్నుతో చుక్క పెట్టాను.
కంటికి ఆనీ ఆననంత చుక్క.
బోనులో ఎండుచేప గుచ్చినంత శ్రద్ధగా
మంచం పక్క డ్రాయరులో, అంచు కనపడేలా ఉంచి
నైట్ డ్యూటీకి వెళ్ళాను.

సిలాసుకి తొమ్మిదేళ్ళు.
నన్ను పిన్నీ అంటాడు,
అదీ పక్కన ఎవరైనా వింటుంటేనే.

ముందు యాభై బైసాల బిళ్ళలు పోయాయి.
తర్వాత ఫ్రిజ్‌లో చాక్లెట్లు.
తర్వాత కెజియా చెవిపోగుల్లో ఒకటి. ఒకటే.
"వాడేనమ్మా" అంటూ కెజియా
రూళ్ళ కాగితం మీద పట్టీ రాసిచ్చింది,
కింద రెండు గీతలు కొట్టి మరీ.
కెజియా నా కూతురు. వాడు, వాడు.
మా ఇంట్లో మాటలకి కూడా
కంచాలు వేరు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
రువీలో, రెండు గదుల ఫ్లాటులో,
ఎవరి దగ్గు ఎవరిదో గోడలకి కంఠతా వచ్చిన చోట
అంత దేవుడెందుకు?
నిద్రలేని నర్సు ఒకతె చాలు.

పొద్దున స్కూలు సంచి బోర్లించాను.
ఇసుక, ఎండిన చపాతీ ముక్క, సగం అరిగిన రబ్బరు.
నోటు లేదు.
బాత్రూములో గీజరు వెనక
పాలపొడి డబ్బా దొరికింది.

చుక్క పెట్టిన నోటు పైనే ఉంది.
దాని కింద బిళ్ళలు, కరిగి అంటుకుపోయిన చాక్లెట్లు,
వాటికి అతుక్కుని చెవిపోగు.
అన్నిటి అడుగున, పాలిథిన్ కవరులో, రబ్బరు బ్యాండు వేసి
వాళ్ళ నాన్న పాస్‌పోర్టు,
మూడు వారాలుగా నేను టాక్సీల్లో, వార్డుల్లో,
చివరికి చెత్తబుట్టలో కూడా వెతికిన
నా రెసిడెంట్ కార్డు.

చెయ్యి లేచింది.
కెజియా అయితే ఈపాటికి వీపు పగిలేది.
వీణ్ణి కొట్టొచ్చా, నాకా హక్కు ఉందా అని
చెయ్యి గాల్లోనే ఆగింది.
ఆ ఆగడం వాడు చూశాడు.
కొట్టి ఉంటే అంత ముడుచుకునేవాడు కాదేమో.

"ఎందుకు తీశావురా?"
"అవి లేకపోతే ఎయిర్‌పోర్టులో పంపరు."
"చాక్లెట్లో?"
"అవి తినడానికి."

వాళ్ళమ్మ నెల సెలవని పెట్టె సర్దుకుని వెళ్ళి
ఫోనులో పెళ్ళి ఫోటోగా తిరిగొచ్చింది.
ఆ రోజు లిఫ్టు దాకా పెట్టె తోసింది
వీడేనట.

"నోటు మీద చుక్క చూశాను" అన్నాడు, నేలకేసి.
"చూసే తీశాను."

గుమ్మడికాయల దొంగంటే
వాడు కదా భుజాలు తడుముకోవాలి?
నా చెయ్యే నా భుజం మీదికి పోయింది.
పొయ్యి మీద
వాళ్ళమ్మ పేరు చెక్కిన స్టీలు గిన్నెలో
నా అన్నం ఉడుకుతోంది.
ఎంత పీచు పెట్టి తోమినా పోదు ఆ పేరు.

ప్రభుదాసు సోహార్ నుంచి గురువారం వస్తాడు.
బెల్టు ముందు, మాట తర్వాత ఆయనకి.
చెప్పలేదు. చెప్పకపోవడం మంచిదో కాదో
ఇప్పటికీ తెలీదు.

చెవిపోగు సిలాసే తీసుకెళ్ళి ఇచ్చాడు.
కెజియా దాన్ని డెటాల్‌తో కడిగి
నాలుగు రోజులు మాట్లాడలేదు,
వాడితో కాదు, నాతో.

డబ్బా ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంది.
అందరి కార్డులూ, పాస్‌పోర్టులూ, చిల్లరా అందులోనే.
కుర్చీ వేసుకుంటే ఎవరికైనా అందుతుంది.
ఎవరు బయటికెళ్ళినా
ఎన్నింటికొస్తారో సిలాసుకి చెప్పి
కార్డు తీసుకోవాలి. అది వాడి డ్యూటీ.
నేను ఎనిమిదన్నాను. ఎనిమిదీ పదికి
తలుపు తీసి గడియారం చూశాడు.
పిన్నీ అనలేదు. వినడానికి ఎవరూ లేరు.

నిన్న రాత్రి చిల్లర లెక్కపెట్టాను.
నూటయాభై బైసాలు తక్కువ.
చుక్కలు పెట్టడం మానేశాను.
లెక్కపెట్టడం మాత్రం
ఇంకా మానలేదు.