నలభై సెకండ్ల స్టాపు

రాత్రి రెండు దాటింది నానక్‌రాంగూడలో.
ఏడో అంతస్తు ఏసీ చలికి
చున్నీ చెవులకు చుట్టుకుని కూర్చున్నాను.
కింద రోడ్డు మీద ఒక్కటే చాయ్ బండి.
స్టవ్ చప్పుడు ఇక్కడిదాకా రాదు,
దాని నీలం మంట మాత్రం కనిపిస్తోంది.

ఇరవై ఏడు సర్వర్లు,
ఇరవై ఏడు ఊళ్ళ రక్తపరీక్షల ల్యాబుల్లో
మెట్ల కింద, స్టోర్‌రూముల్లో, ఒకచోట
చక్రం విరిగిన వీల్‌చైర్ పక్కన
దుమ్ము పీల్చుకుంటూ బతుకుతున్నాయి.
పేర్లు పెట్టింది నాకు ముందు పనిచేసిన ఎల్లేశం.
వాళ్ళ నాన్న సిటీ బస్సు కండక్టరట.
అందుకే ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక,
విద్యానగర్, బర్కత్‌పుర, నారాయణగూడ...
చివరన మెహిదీపట్నం.
తార్నాక ఉండేది కోదాడలో.
బర్కత్‌పుర నిజామాబాదులో.
"బర్కత్‌పుర పడిపోయింది" అని ఒకసారి ఫోన్‌లో అంటే
మెట్రోలో పక్కసీటావిడ
గుండె మీద చెయ్యేసుకుంది.

స్క్రిప్టూ ఆయనదే. నూట పన్నెండు వరుసలు.
ఒక్కో స్టాపులో ఆగుతుంది,
తలుపు కొట్టి తాళంచెవి చూపిస్తుంది,
పాతదాన్ని దించి కొత్తదాన్ని ఎక్కిస్తుంది,
ఎక్కిందో లేదో తడిమి చూసి
తెర మీద రాస్తుంది: రైట్ రైట్.
ఇంకెవరైనా అయితే "విజయవంతం" అని రాసేవాళ్ళు.

మధ్యలో ఒక్క వరుస
ఎందుకుందో ఎవరికీ తెలియదు.
బర్కత్‌పుర వస్తే నలభై సెకండ్లు ఊరికే నిలబడమని.
పైన ఆయన కామెంటు: దీన్ని ముట్టుకోకుండ్రి.
నేను ముట్టుకున్నాను.
మేనేజరు సెకండ్లకు లెక్క అడుగుతున్నాడు,
పైగా ఆ మాటలో పెత్తనం నాకు నచ్చలేదు.

ఉప్పల్, రైట్ రైట్.
హబ్సిగూడ, రైట్ రైట్.
తార్నాక, రైట్ రైట్.
విద్యానగర్, రైట్ రైట్.
బర్కత్‌పుర

అక్కడ కర్సరు ఒక్కతే మిగిలింది,
కొట్టుకుంటూ.

వాచ్‌మన్ ఖాజాను నిద్రలేపాను.
"లాల్ బత్తి ఉంది మేడమ్, హరా లేదు" అన్నాడు.
ఆరింటికి అక్కడ పరగడుపు మనుషులు
చొక్కా చేతులు మడుచుకుని వరుస కడతారు.

నాలుగుకి పది నిమిషాలు. ఎల్లేశంకి చేశాను.
ఉద్యోగం వదిలి రామంతాపూర్‌లో టిఫిన్ సెంటర్ పెట్టాడు.
మొదటి రింగుకే ఎత్తాడు, వెనక గ్రైండరు హోరు.
"తీసేసినవా?" అన్నాడు, హలో కూడా అనకుండా.
నేను పలకలేదు.
"దాని డిస్కు ముసల్ది బిడ్డా. లేస్తది గని జర టైం తీస్కుంటది.
బస్సెక్కే ముసలాయన ఉంటడు సూడు,
ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు రోడ్డు మీద,
గప్పుడే రైట్ అంటే ఏమైతది?
మా నాయిన సీటీ నోట్లనే వెట్టుకొని నిలవడేటోడు.
బస్సంత తిట్టినా ఊదకపోతుండె."

ఖాజాతో బటన్ నొక్కించి
నలభై దాకా లెక్కపెట్టమన్నాను.
ఇరవై దాకా తెలుగులో పెట్టాడు,
ఆ తర్వాత ఉర్దూలో.
చాలీస్ అన్నాక ఒక క్షణం ఊపిరి వినిపించింది.
"హరా, మేడమ్."

ఎల్లేశం ఇంకా లైన్లోనే ఉన్నాడు.
"మెహిదీపట్నం మంచిగున్నదా?"
పోయిన నెల తీసేశారన్నా, క్లౌడ్‌లోకి మార్చారు.
గ్రైండరు ఆగింది.
"మబ్బులకు పోయిందా," అన్నాడు.
మా వైపు తెల్లారకముందు చీకటినీ మబ్బే అంటారు.
ఆయన రోజూ లేచేది మబ్బులనే.
"సరే, పిండి పొంగుతున్నది" అని పెట్టేశాడు.

ఆ వరుస మళ్ళీ రాశాను.
ఆయన కామెంటు కింద నాదొకటి:
ముసలాయన ఎక్కుతున్నాడు.
రిపోర్టులో ఆలస్యానికి కారణం అనే గడి
ఖాళీగా వదిలేశాను.

స్క్రిప్టు మళ్ళీ మొదలైంది.
బర్కత్‌పుర దగ్గర తెర మీద
ఏమీ జరగడం లేదు.
ముప్పై ఒకటి, ముప్పై రెండు...
కింద చాయ్ బండతను
మంట తగ్గించి గిన్నె దించుతున్నాడు.
ముప్పై ఎనిమిది.