నాలుగో తలుపు

హరార్‌లో రౌదా కొన్న పాత పెజో టాక్సీకి
నాలుగు తలుపుల్లో మూడే తెరుచుకునేవి.
నాలుగోదాన్ని లోపల్నుంచి తాడుతో కట్టి
"ఇటు జరిగి దిగండి" అనేది.

బోణీ బేరం ఒక గొర్రె.
ఆసామి దానికొక్కదానికే కిరాయి కట్టి
వెనకాల నడిచొచ్చాడు.

పెట్రోలు ముల్లు అడుగంటిన రోజుల్లో
కోటగుమ్మం దాటగానే ఇంజన్ ఆపేసి
వాలంతా ఉత్త చక్రాల మీద దిగేది.
ఎందుకో, ఎక్కినవాళ్ళు కూడా మాటలాపేసేవాళ్ళు.

బాకీల పుస్తకంలో పేర్లుండవు.
బోసినోటి దర్జీ: పన్నెండు బిర్లు.
తెల్లారుజామున ఆసుపత్రికి, నొప్పులమ్మాయి:
అక్కడ అంకె వెయ్యలేదు.

ఐదేళ్ళకి రెండో బండి కొంది.
కదలదది.
తలుపు కోసమే కొన్నానంది.
దాని వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

ఇప్పుడు నాలుగూ తెరుచుకుంటాయి.
అయినా పాతవాళ్ళు
అలవాటుగా
ఇటే జరిగి దిగుతారు.