ఎముక ఒప్పుకునేదాకా

రండి, కూచోండి. ఆ కుర్చీ కాదు, దానికి కాలు కుదురు లేదు.
డాక్టర్ సలొంతయి ఇంకో పావుగంటకు గానీ పిలవరు.
నా పేరు ఎటెల్కా.
ఈ షొప్రోన్ ఊళ్ళో, ఈ క్లినిక్ పచ్చదుప్పట్లు
పంతొమ్మిదేళ్ళుగా ఉతికేది నేనే.
వియన్నా నుంచి పొద్దుటి బండికి దిగి
సాయంత్రం బండికి బుగ్గ పట్టుకుని వెళ్తారే,
మీలాంటివాళ్ళందరి నెత్తురూ నాకు తెలుసు.
చల్లనీళ్ళకే వదులుతుంది.
వేడినీళ్ళు పోశారా, అక్కడే కాపురం పెడుతుంది.
ఇంతకుమించి ఈ విద్యలో నాకేం తెలియదనుకున్నాను,
నా వంతు వచ్చేదాకా.

నా పన్ను పోయింది ఆల్‌బుకరా గింజ వల్ల.
మా ఆడపడుచు పిండి ఉండల్లో పండు పెట్టి ఉడికిస్తుంది.
గింజ తీశానంది. తీయలేదు.
పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు గానీ
ఆడపడుచు చేతి రాయి వేరు.

పదకొండేళ్ళు కుడివైపే నమిలాను.
ఎడమ దవడ అద్దెకు పోని గది.
ఖాళీగా ఉంటే ఎముకా కరిగిపోతుందట,
పని పోయిన మనిషిలా, లోపల్లోపలికి.
అందుకని ముందు ఆవు ఎముక పొడి,
చక్కెర పలుకుల్లా చిటికెడు, గుంటలో నింపి కుట్టారు.
నాలుగు నెలలు నేనూ ఆ ఆవూ సర్దుకున్నాం.

ఆ తర్వాతే మర.
నొప్పి ఉండదు. ఉండేది చప్పుడు.
అది చెవిలోకి బయటినుంచి రాదు.
పై వాటాలో ఎవరో గోడకి మేకు కొడుతుంటే
ఆ గోడ మీరే అయినట్టు ఉంటుంది.
పంటి బిగువున ఓర్చుకుందామంటే
బిగించాల్సిన చోటే కదా పన్ను లేనిది.
మర మీద నీళ్ళు పోస్తూనే ఉంటారు,
ఎముక వేడెక్కితే చచ్చిపోతుందట.
నోరు తెరిచి ఉందిగానీ, లేకుంటే అనేదాన్ని:
డాక్టర్ గారూ, మా చాకిరేవులోనూ ఇదే సూత్రం.

మూడోరోజు బుగ్గ ఉబ్బుతుంది. కంగారుపడకండి.
ఫ్రిజ్‌లోని బఠాణీల సంచి గుడ్డలో చుట్టి పెట్టుకోండి.
తలకింద రెండు దిళ్ళు. గొట్టంతో ఏదీ పీల్చొద్దు.
సిగరెట్టు, ఆ జేబులోది, ఇక్కడే పారేయండి.
నాకు కుట్లు పడింది ద్రాక్ష కోతలప్పుడు.
ఊరంతా కొత్త వైను రుచి చూస్తుంటే
నేను ఉప్పునీళ్ళు పుక్కిలించాను.
నాలుక మాత్రం మాట వినదు,
కట్టుబడిలో ఉన్న ఇంటిని పక్కింటివాళ్ళు చూసినట్టు
రోజుకి నలభైసార్లు వెళ్ళి చూసొస్తుంది.

తర్వాత ఏమీ జరగదు.
ఎవరూ చెప్పనిది అదే. నెలల తరబడి ఏమీ జరగదు.
లోపల, చీకట్లో, ఎముక ఆ లోహాన్ని
పట్టుకోవాలా వద్దా అని ఆలోచిస్తూ ఉంటుంది.
మందులషాపు బొర్బాలాకి పట్టుకోలేదు.
తీసేసి, మాన్పి, మళ్ళీ మొదటినుంచీ.
ఆమె తప్పేం లేదు. ఎవరి తప్పూ లేదు.

మార్చిలో డాక్టరు చిన్న పిడితో తట్టారు.
టంగుమంది.
"ఒప్పుకుంది," అన్నారు.
కిటికీ దగ్గర నిలబెట్టి రంగు ముక్కలు ఆనించి చూశారు.
మల్లెపువ్వంత తెల్లటిది అడిగాను.
"పక్క పళ్ళు ఇన్నేళ్ళు తాగిన కాఫీ
ఇదీ తాగినట్టు ఉండాలమ్మా," అన్నారు.

దానికి చలి తెలియదు. అది అలవాటు కావాలి.
ఐస్ ముక్కకి పక్కవి ఉలిక్కిపడతాయి, అది పడదు.
నాదే, నా జీతంలోంచి నెలనెలా కోసిందే,
అయినా కొన్నాళ్ళు దాన్ని 'ఆయన' అని పిలిచాను.

మొన్న ఆగస్టులో ఆడపడుచు మళ్ళీ ఉండలు చేసింది.
ఒక్కొక్కటే ముందు తను కొరికి చూసి
నా కంచంలో వేసింది.
సగం సగం ఉండలు, ఏడు.
ఎడమవైపు నమిలాను.

అదిగో, పిలుస్తున్నారు.
కోటు ఇటివ్వండి.
దుప్పటి సంగతి నేను చూసుకుంటాను.