మరియు బృందం

పొద్దుటి నుంచీ ఒకే ప్రశ్న అడిగి బతికేవాణ్ణి.
పురసవాక్కంలో, జౌళికొట్టు పైన, చీకటి గదిలో
ఎదుటివాళ్ల ముక్కు మీద ఇనుప చట్రం పెట్టి
అద్దం బిళ్లలు మారుస్తూ:
ఇదా? అదా?
మళ్లీ చూడండి. మొదటిదా? రెండోదా?
ఆరోసారికి మనుషులు విసిగిపోతారు,
ఏదో ఒకటి చెప్పి బయటపడతారు.

ఈ శనివారం రిచ్చీ స్ట్రీట్‌లో
కుర్చీ నాది, ప్రశ్న తనికాచలానిది.
మెట్ల మీద టంకం వాసన,
కింద ఫోన్ కవర్లు అమ్మే కుర్రాళ్ల కేకలు.
గాజుపలక మీద రెండు కార్ట్రిడ్జ్‌లు పెట్టాడు,
బొటనవేలి గోరంతేసి.

"ఇది నాలుగున్నర వేలు సార్. గుండ్రటి మొన.
గీతలున్నా దుమ్మున్నా పోతానే ఉంటది, షేర్ ఆటో మాదిరి.
ఇది పంతొమ్మిది. మొన సన్నం.
గాడి గోడల్లో పాత ముల్లు తాకని చోటొకటి ఉంటది సార్.
అక్కడ పాట ఇంకా కొత్తగానే ఉంటది."

ఆ ఒక్క మాటకే నా జేబు సగం ఖాళీ అయింది.

వెంట తెచ్చుకున్న రికార్డు ఒక్కటే.
అరవై ఏడులో కోడంబాక్కంలో పాడింది.
పాడినావిడ పేరు పెద్దక్షరాల్లో.
కింద, చీమ తలకాయంత అచ్చులో: మరియు బృందం.
ఆ బృందంలో ఐదుగురు.
ఐదో మనిషి మా కనకరత్నం అత్త.
పాటకి పదిహేను రూపాయలు, ఒక కాఫీ,
రాత్రయితే వ్యాన్‌లో సందు మొదట్లో దింపేవారట.
ఇంట్లో పాడమంటే ఒక్కనాడూ పాడలేదు.
"పక్కన నలుగురు లేందే నాకు శ్రుతి దొరకదురా" అనేది.

ముందు చవకది బిగించాడు.
ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నీలం
నాలుగు తీగలూ పట్టకారుతో, ఊపిరి బిగబట్టి.
రెండు గ్రాముల బరువు పెట్టి దించాడు.
ఐదు గొంతులూ ఒకే చీర కట్టుకుని వచ్చాయి.
బాగుంది. వెచ్చగానే ఉంది.
గీత దగ్గర చిటుక్కుమని, పోనీలెమ్మని ముందుకెళ్లింది.

తర్వాత రెండోది.
కొలత కాగితం పరిచి, కోణం సరిచూసి,
మధ్యలో కరెంటు పోయి వచ్చి, పావుగంట.
పాటకు ముందే ఎవరో కాగితం తిప్పిన చప్పుడు.
ఎవరో గాలి పీల్చుకున్నారు.
రెండో చరణంలో బృందం విడిపోయింది:
ఒకటి, రెండు, మూడు,
ఆ వెనకాల, 'శ' దగ్గర కాస్త నాలుక మడతపడే
ఒక సన్నని గొంతు.
అత్తా! అన్నాను, పైకే.
తనికాచలం టీ గ్లాసు దించాడు.

కానీ నాకు తెలుసు కదా.
బోర్డు మీది కింది వరుసని కంఠతా పట్టి
కనబడకపోయినా గడగడా చదివేసే డ్రైవర్లని
ఎంతమందిని పట్టుకోలేదు నేను!
అబద్ధమాడుతున్నామని వాళ్లకీ తెలీదు ఒక్కోసారి.
నిజంగానే కనబడుతుంది, అంతగా కావాలి లైసెన్సు.

"మొదటిదా సార్? రెండోదా?"
మళ్లీ పెట్టు, అన్నాను.
ఈసారి నాలుక మడత వినబడింది,
గొంతు మాత్రం పక్కావిడదేమో అనిపించింది.
మళ్లీ.
ఆరోసారికి అతనే విసిగాడు.

పంతొమ్మిది వేలు, రెండు విడతలు.
వాళ్లావిడ కళ్లజోడు బాకీ అందులోనే చెల్లు.
రశీదు వెనక ముల్లు ఆయుష్షు రాసిచ్చాడు: వెయ్యి గంటలు.
పాట మూడు నిమిషాల ఇరవై సెకన్లు.
లెక్క వేయలేదు.

బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని కూచున్నాను.
వెనక సీట్లో చేపల బుట్టలవాళ్లు
అందరూ ఒకేసారి మాట్లాడుకుంటున్నారు.
కళ్లు మూసుకుని, ఎవరి గొంతు ఎవరిదో
విడదీయబోయాను కాసేపు.
ఎగ్మూరు దాటాక మానేశాను.