కిటికీ గట్టు

జ్ఞానాపురంలో తెల్లారడమంటే
ముందు గుడ్డ తడిపి పిండుకోవడం.
రాత్రంతా పోర్టు మా మీద జల్లిన బొగ్గుపొడి
కిటికీ గట్టు మీద, కుట్టుమిషను మూత మీద,
బోర్లించిన గ్లాసుల మీద కూడా
నల్లపిల్లి వీపులా మెత్తగా పడుకుని ఉంటుంది.

తుడిచే ముందు ఒక్క నిమిషం.
టీ పొంగేలోపు,
కుళాయి దగ్గర బిందెల తగువు మొదలయ్యేలోపు
చూపుడువేలితో గట్టు మీద ఒక గీత గీస్తాను.
వంకర పోతే పోనీ.
చెరపడానికి గుడ్డ చేతిలోనే ఉంది కదా.

ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను.
చంకలో ఎక్కడ బిగుస్తుందో, భుజం ఎక్కడ జారుతుందో
మనిషి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే తెలిసిపోతుంది.
తెలియంది ఒక్కటే:
"కొత్తగా ఏదైనా పెట్టక్కా" అంటారు చూడండి,
ఆ కొత్త ఏ కొట్లో అమ్ముతారో.

ఫిలోమినా కేజీహెచ్‌లో నర్సు.
నైట్ డ్యూటీ దిగి, మండుతున్న కళ్లతోనే వచ్చి
అద్దానికి వీపు తిప్పి, మెడ విరిచి చూసుకుని
"ఏటిది! ఏ ఫోన్లో సూసీసి కుట్టేవు?" అంది.
నవ్వి, హుక్కు పెట్టేను.
మొన్న పొద్దున్న డాబా మీంచి చూస్తే
దూరంగా ఒక క్రేను
ఖాళీ కొక్కెం కిందికి వదిలి
ఏదో మర్చిపోయిన మనిషిలా ఆగిపోయిందని,
ఆ వంపే పొడిలో గీసుకుని
నీ మెడ కింద దించేనని
ఎలా చెప్పను, నిద్రకి తూలుతున్న మనిషికి?

రోజూ దొరకదు. దొరకని రోజులే ఎక్కువ.
ఆ రోజుల్లో చీరలకి ఫాల్స్ వేస్తాను,
స్కూలు పిల్లల జేబులు అతుకుతాను.
చేతులకి పని చెప్తే చాలు
బుర్ర తన దారిన తను పూర్ణా మార్కెట్ దాకా వెళ్లి
ఖాళీ సంచీతోనో, అరిటాకు చినిగిన తీరుతోనో
సాయంత్రానికి ఇల్లు చేరుతుంది.
ఎక్కడికెళ్లేవని అడగను.
అడిగితే మర్నాడు వెళ్లదు.

అట్లతద్ది వెళ్లేక వాయుగుండం పట్టింది.
మూడు రోజులు ఎడతెగని వాన.
గట్టు, కడిగి బోర్లించిన కంచంలా ఉంది.
వేలు పెడితే తడి, అంతే.
గీత పడలేదు.
కత్తెర చేతిలో పెట్టుకుని
రెండు బ్లౌజు ముక్కలు ముందేసుకుని కూర్చున్నాను.
అప్పుడు తెలిసింది
నేను పొడి కోసం ఎదురుచూస్తున్నానని.

తెలిసి సిగ్గేసింది.
ఎందుకంటే వెనక గదిలో మా తమ్ముడు అంబ్రోసు
ఆ మూడు రాత్రులూ దగ్గలేదు.
స్టాక్ యార్డులో పదకొండేళ్లు
పారతో ఎత్తిపోసిన బొగ్గు అది.
నేను గీసుకునే పలకా, వాడు ఊసే నల్ల కళ్లెా
ఒక్క కుప్పలోవే.
ఇన్నాళ్లూ ఈ లెక్క నాకు రాలేదా?
వచ్చింది. వెయ్యలేదు.

వాడు బోర్లా పడుకుని ఉన్నాడు.
చిల్లుల బనీను నెమ్మదిగా లేస్తోంది,
ఆగుతోంది,
ఇంకా నెమ్మదిగా దిగుతోంది.
చూస్తూ చూస్తూ
అరిగిపోయిన మార్కింగు సుద్దతో
మిగిలిపోయిన లైనింగు ముక్క మీద
ఆ లేవడం గీసేను.
దిగడం దగ్గర చెయ్యి వణికి రెండుసార్లు చెరిపేను.

నాలుగోనాడు ఎండ కాసింది.
అయిదోనాటికి పొడి తిరిగొచ్చింది.
దానికంటే ముందే లేచింది దగ్గు.
కషాయం పొయ్యి మీద పెట్టి, గుడ్డ తడిపేను.
ఈసారి గీయకుండానే తుడిచేను,
వాడి కిటికీ ముందు, నాది తర్వాత.

తుడిచేక చూసేను.
తడి గుడ్డ గట్టు మీద
ఒక్క విసురులో వదిలిన వంపు,
చివర సన్నబడి, ఆరిపోతూ.

అది ఇంకా ఎవరికీ కుట్టలేదు.