కాటా పుస్తకం వెనక పేజీలు

ముందు పేజీల్లో ఉప్పు.
బస్తాలు, తరుగు, లారీ నంబరు,
అల్లూరు దాకా కిరాయి.
తిరగేసి పడితే
వెనకనించి ఎదురొచ్చే చేప.

మొదటిసారి ఇస్కపల్లి ఉప్పుటేటి మొగకాడ,
కార్తీకం, పాటునీళ్లు మోకాటి కిందికి దిగినాక
మడవేళ్ల సందున.
చిటికెనవేలంత. బురద రంగు.
కంటి కింద మాత్రం ఒక నీలం గీత,
ఎవరో పెన్ను విదిలిస్తే పడ్డట్టు.
దోసిట్లోకి తీసుకున్నానో లేదో
గీత ఆరిపోయింది.

పేరేందని పామంజి నాగూరయ్యనడిగినా.
వల దులుపుతా అన్నాడు:
"అమ్ముడుబోని దానికి పేరెవడు పెడతాడు సామీ?"
పెట్టింది వాళ్ల వదిన మస్తానమ్మ, అప్పటికప్పుడు,
కవళ్లు ఏరతా, తలెత్తకుండానే:
"మసిగుడ్డ."
అదే రాసుకున్నా.

నెల్లూరు కాలేజీనించి షంషాద్ మేడమొచ్చి
నీళ్లలో ఉప్పదనం చూసే గాజుగొట్టం ఇచ్చిపోయింది.
నాలుక చాలదంట.
గళ్లు గీసిన కాయితమూ ఇచ్చింది:
తేదీ, వేళ, పోటా పాటా, లోతెంత, ఎన్ని,
చూసిందెవరు, రుజువేంది.
"ఫోటో లేకుంటే చూసినట్టు కాదండీ" అంది నవ్వుతానే.
నాకూ తెలుసు,
కాటా ఎక్కనిది బరువు కాదు.

రెండు: మార్గశిరం, తెల్లారుజామున మంచు.
ఫోటో నిండా నా బొటనవేలు.
మూడు: తుఫాను పోయిన నాలుగోనాడు,
నీళ్లు టీ రంగులో ఉన్నప్పుడు.
నాలుగు నేను చూళ్ళా.
పీతలకి పోయి నాగూరయ్య మనవడు చూసినాడంట.
వాడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి,
ఎర్రబళ్ళా.
రుజువు గడిలో రాసినా: చెవులు.

ఐదూ ఆరూ ఒకే పున్నమికి.
ఏడు చీకట్లో. జెల్లపిల్ల కావచ్చు,
కొట్టేద్దామనుకోని కొట్టేయలా.
మాఘానికి తొమ్మిదైనాయి.
తొమ్మిదొందల బస్తాలు తూచినా రాని మిడిసిపాటు
ఊరంతా తిప్పి చూపించినా.

నాగూరయ్య ఫోను చెయ్యి చాపి దూరంగా పట్టుకున్నాడు.
"తోక చూడబ్బా. పైకొసన కొరుకుడు.
ఇందులో ఉంది. ఇందులో ఉంది. ఇదిగో."
బీడీ నేలకు రాసి ఆర్పినాడు.
"తొమ్మిది చేపల్ని నువ్వు జూళ్ళా.
ఒక్కటే నిన్ను తొమ్మిదిసార్లు జూసింది."

ఆ రాత్రి పెన్సిలు చెక్కుకోని కూర్చున్నా.
మూడింట్లో కొరుకుడు.
రెండింట్లో తోక వేరు చాటున.
తక్కినవి నా వేలు, నా నీడ, పోటునీళ్ల తళుకు.
"ఎన్ని" గడిలో తొమ్మిది కొట్టేసి
ఒకటి వేసినా.
ఇంత తరుగు ఏ సరుక్కీ తీయలా నేను.

నిజంగా ఒకటే అయితే?
మొగ ఇసకతో పూడుకుంటా ఉన్న ఏటికంతా
ఒక్కటే మసిగుడ్డ,
రోజూ అదే వేరు కిందికొచ్చి
ఈ గాజుగొట్టపోడు ఇంకా పోలేదా
అని చూసి పోతా ఉంటే?

ఫాల్గుణంలో, ఎండ ముదిరినాక,
మస్తానమ్మ కొటారుకాడికొచ్చి కొంగుముడి విప్పింది.
కోళ్లమేతకు ఎండబోసిన చెత్తచేపలో
నెత్తళ్ల తలకాయలు, పీతకాళ్ల నడుమ దొరికిందంట.
చెక్కపేడులా బిగుసుకోనుంది.
నీలం గీత ఉండాల్సిన చోట
సన్నటి ఉప్పు.

తోక వెలుగుకు పట్టినా.
చిన్న విసనకర్ర, నిండుగా.
కొరుకుడు లేదు.

"రెండున్నాయి!" అన్నా.
"ఇది చచ్చింది గదయ్యా" అంది.
నేను నవ్వినాననుకున్నా.
మొహం అట్లా లేదని తర్వాత చెప్పింది.

పది: ఇసకమీద. లోతు లేదు.
పోటూ కాదు, పాటూ కాదు.
చూసింది: మస్తానమ్మ.
రాస్తా ఉంటే వంగి చూసి
ఇంటిపేరు కూడా రాయమంది.
రాసినా.

ముందునించి వస్తా ఉన్న ఉప్పుకీ
వెనకనించి వస్తా ఉన్న చేపకీ నడుమ
ఇంక నాలుగు తెల్లకాయితాలున్నాయి.
బయట లారీ హారను కొడతా ఉంది.